గడియారం పక్కన చిన్న బొమ్మ

మీ విండోస్ కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ అన్న వరుసను ఎంచుకుని రీస్టార్ట్ నొక్కండి. తెరిచి ఉన్న ఫోల్డర్లు మూసుకుపోవచ్చు, అంతకు మించి నష్టం ఉండదు. స్క్రీన్ అడుగున ఉన్న టాస్క్‌బార్ ఒక్కసారిగా మాయమవుతుంది. డెస్క్‌టాప్ మీది ఐకాన్లూ పోతాయి. కొద్ది సెకన్లలో అన్నీ తిరిగొస్తాయి. ఇప్పుడు కుడి మూలన గడియారం పక్కన చూడండి. వాల్యూమ్, నెట్‌వర్క్ గుర్తులు ఎప్పటిలాగే ఉంటాయి. యాంటీవైరస్ బొమ్మ, క్లౌడ్ బ్యాకప్ బొమ్మ ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఒక్కోసారి వాటిలో ఏదో ఒకటి మాత్రం ఎంతసేపు చూసినా రాదు. ఆ ప్రోగ్రాము ఆగిపోయిందేమో అనుకుంటే, టాస్క్ మేనేజర్‌లో దాని పేరు నిక్షేపంగా కనిపిస్తుంది. తన పని తను చేసుకుంటూనే ఉంది. దాన్ని పిలవడానికి మనకున్న ఒక్క దారి మూసుకుపోయింది.

కారణం ఏమిటంటే, ఆ బొమ్మ ఆ ప్రోగ్రాము చేతిలో లేదు. టాస్క్‌బార్ మొత్తం ఎక్స్‌ప్లోరర్ సొత్తు. గడియారం పక్కన కనిపించే బొమ్మలను అదే గీస్తుంది, వాటి మీద పడ్డ క్లిక్కులను ముందు అదే అందుకుంటుంది, ఆ తర్వాత అసలు ప్రోగ్రాముకు కబురు పంపుతుంది. అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ దగ్గర పేర్ల బోర్డు ఉంటుంది కదా, అలాంటి ఏర్పాటు. పేరు మీది, బోర్డు అక్కడిది. మీ కోసం ఎవరైనా వస్తే ఆయన ఇంటర్‌కామ్‌లో చెబితేనే మీకు తెలుస్తుంది. ఈ మూలలో, అంటే సిస్టమ్ ట్రేలో, బొమ్మ పెట్టేటప్పుడు ప్రోగ్రామర్లకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి. దీన్ని మనసులో పెట్టుకుని రాసిన కోడ్‌కూ, పట్టించుకోకుండా రాసిన కోడ్‌కూ తేడా పైన చెప్పిన ప్రయోగంలోనే బయటపడుతుంది.

ఈ మూలను ప్రపంచానికి పరిచయం చేసింది 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95. మైక్రోసాఫ్ట్ పత్రాలు దీన్ని నోటిఫికేషన్ ఏరియా అంటాయి, వాడేవాళ్ళంతా సిస్టమ్ ట్రే అంటారు. ఎప్పుడూ కిటికీ తెరుచుకుని కూర్చోనక్కర్లేని, అయినా నడుస్తూ ఉండాల్సిన పనులకు అది చోటు. బ్యాటరీ ఎంత ఉంది, శబ్దం ఎంత పెట్టాం, ప్రింటర్ పనిలో ఉందా లేదా వంటివి. టాస్క్‌బార్‌లో బారెడు చోటు తినకుండా, అలాగని కంటికి కనబడకుండానూ పోకుండా ఉండాలన్నది ఆలోచన. మంచి ఆలోచన. ముప్పై ఏళ్ళుగా నిలిచి ఉంది.

ప్రోగ్రాము వైపు నుంచి ఆ మూలకు చేరే తలుపు కూడా అప్పటిదే. దాని పేరు షెల్ నోటిఫై ఐకాన్. ఇది ఒకే ఒక్క ఫంక్షన్. దానికి ఒక ఆజ్ఞ, దాంతో పాటు కొన్ని వివరాలు నింపిన ఒక స్ట్రక్చర్ ఇవ్వాలి. ఆజ్ఞల్లో ముఖ్యమైనవి మూడే: కొత్త బొమ్మ చేర్చు, ఉన్నదాన్ని మార్చు, తీసేయ్. స్ట్రక్చర్‌లో నింపే వివరాలు చూస్తే మొత్తం ఏర్పాటు అర్థమైపోతుంది. మొదటిది ప్రోగ్రాముకు చెందిన ఒక విండో హ్యాండిల్, అంటే కబురు ఎక్కడికి పంపాలో చిరునామా. రెండోది ఒక అంకె. ఒకే ప్రోగ్రాము రెండు మూడు బొమ్మలు పెడితే వాటిని వేరు చేయడానికి. మూడోది, క్లిక్ పడినప్పుడు ఏ నంబరు సందేశం పంపాలో ప్రోగ్రాము తానే ఎంచుకుని చెప్పే సంఖ్య. ఆ తర్వాత బొమ్మ, దాని మీద మౌస్ నిలిపితే కనిపించే చిన్న వాక్యం. అంతే.

మొదటి వివరం దగ్గర కొత్తవాళ్ళు కాస్త తడబడతారు. కిటికీయే వద్దని కదా ట్రేలోకి వెళ్తున్నది, మరి విండో హ్యాండిల్ ఎక్కడి నుంచి తేవాలి? ట్రేలో ఉండే ప్రోగ్రాములు చాలావరకు కంటికి కనిపించని ఒక విండోను తయారు చేసి ఉంచుకుంటాయి. అది స్క్రీన్ మీదికి ఎప్పుడూ రాదు. కబుర్లు అందుకోవడమే దాని పని. ఆ కబుర్లు ఒక వరుసలో చేరుతుంటాయి, ప్రోగ్రాము ఒక్కొక్కటే తీసి చదువుతుంది. అదే దారంలో, అంటే అదే థ్రెడ్‌లో, పెద్ద ఫైలు ఏదో కాపీ చేయడం మొదలుపెడితే చదివే తీరిక దానికి ఉండదు. అప్పుడు మనం క్లిక్ చేస్తాం, ఏమీ జరగదు. మళ్ళీ చేస్తాం. బొమ్మ మాత్రం నవనవలాడుతూ ఉంటుంది, ఎందుకంటే దాన్ని గీస్తున్నది ఎక్స్‌ప్లోరర్, ఎక్స్‌ప్లోరర్‌కు ఏ ఇబ్బందీ లేదు. కాసేపటికి కాపీ పూర్తయ్యాక మెనూ ఉన్నట్టుండి ఊడిపడుతుంది. బరువైన పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించడం ఏ ప్రోగ్రాముకైనా మంచిదే, ట్రే ప్రోగ్రాముకైతే తప్పనిసరి.

ఇప్పుడు మొదటి ప్రయోగానికి జవాబు. ఎక్స్‌ప్లోరర్ కూలి మళ్ళీ లేచినప్పుడు దాని జాబితా ఖాళీగా ఉంటుంది. ఎవరెవరు బొమ్మలు పెట్టుకున్నారో దానికి గుర్తుండదు. అందుకే లేవగానే అది పైస్థాయి విండోలన్నిటికీ ఒక చాటింపు వేస్తుంది. ఆ సందేశం పేరు టాస్క్‌బార్ క్రియేటెడ్. దాన్ని విన్న ప్రోగ్రాము మళ్ళీ చేర్చు అన్న ఆజ్ఞ ఇవ్వాలి. ఇందుకు నాలుగైదు వరుసల కోడ్ చాలు. ఆ నాలుగు వరుసలు రాయని ప్రోగ్రాముల బొమ్మలే తిరిగి రానివి. రాసినా రాకపోయే సందర్భం ఇంకొకటుంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రాముకు మామూలు హోదాలో ఉన్న ప్రోగ్రాములు సందేశాలు పంపకుండా విస్టా నుంచి విండోస్ అడ్డుకుంటోంది. ఎక్స్‌ప్లోరర్ నడిచేది మామూలు హోదాలోనే కాబట్టి దాని చాటింపు కూడా గడప దగ్గరే ఆగిపోతుంది. ఫలానా సందేశాన్ని రానివ్వమని ప్రోగ్రాము ముందే అనుమతి చెప్పి పెట్టుకోవాలి. ప్రోగ్రామును మామూలు హోదాలోనే నడిపి పరీక్షించి బాగానే ఉందనుకునే వాళ్ళకు ఈ లోపం నెలల తరబడి కనిపించదు.

దీనికి సరిగ్గా తిరగేసిన రోగం దెయ్యం బొమ్మ. ప్రోగ్రాము కూలిపోయింది, లేదా ఎవరో బలవంతంగా చంపేశారు. తీసేయ్ అన్న ఆజ్ఞ ఇచ్చే వ్యవధి దానికి దొరకలేదు. బొమ్మ అలాగే ఉండిపోతుంది. మౌస్‌ను దాని మీదికి తీసుకెళ్ళగానే చటుక్కున మాయమవుతుంది. కొన్నిసార్లు ఒకే ప్రోగ్రాము బొమ్మలు నాలుగైదు వరుసగా నిలబడి, మౌస్ తగిలే కొద్దీ ఒక్కొక్కటే రాలిపోవడం చూసే ఉంటారు. ప్రోగ్రాములు బతికున్నాయా అని ఎక్స్‌ప్లోరర్ పొద్దస్తమానం కాపు కాయదు. మౌస్ కదిలిన కబురు పంపాల్సి వచ్చినప్పుడే ఆ చిరునామాలో విండో ఉందో లేదో చూస్తుంది. లేదని తేలితే బొమ్మను తుడిచేస్తుంది.

మెనూ చిక్కు ఇంకా చిత్రంగా ఉంటుంది. బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే మెనూ తెరుచుకుంది. వాడే మనిషి మనసు మార్చుకుని పక్కన ఖాళీ చోట క్లిక్ చేశాడు. మెనూ పోదు. స్క్రీన్ మీద అలాగే అతుక్కుని ఉంటుంది. కారణం వెతికితే మళ్ళీ మొదటి సంగతే. మామూలుగా మెనూ తెరిచే ప్రోగ్రాము అప్పటికే ముందు వరుసలో, వాడుకరి దృష్టిలో ఉంటుంది. వేరే చోట క్లిక్ పడితే ఆ స్థానం చేజారినట్టు దానికి తెలుస్తుంది, మెనూ మూసుకుంటుంది. ట్రేలో క్లిక్ పడింది ఎక్స్‌ప్లోరర్ స్థలంలో. మన ప్రోగ్రాము అసలు ముందుకే రాలేదు, కాబట్టి పోగొట్టుకునేదీ లేదు. మైక్రోసాఫ్ట్ దీనికి చాలా ఏళ్ళ కిందటే విరుగుడు రాసి పెట్టింది. మెనూ తెరిచే ముందు ఆ కనిపించని విండోను ముందు వరుసలోకి తెచ్చుకోవాలి. మెనూ మూసుకున్నాక, ఏ అర్థమూ లేని ఒక ఖాళీ సందేశాన్ని తనకు తానే పంపుకోవాలి. ఆ ఖాళీ సందేశం లేకపోతే రెండోసారి తెరిచిన మెనూ కనిపించీ కనిపించకుండానే మూసుకుపోవచ్చు. చదివితే మంత్రం లాగా అనిపిస్తుంది. వేలాది ప్రోగ్రాములు ఈనాటికీ ఆ రెండు వరుసలను మోస్తూనే ఉన్నాయి.

ఇంకొక సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. కంప్యూటర్ ఆన్ కాగానే, ఎవరూ లాగిన్ కాకముందే మొదలయ్యే సర్వీసులు ఉంటాయి. విస్టా నుంచి అవి సెషన్ సున్నాలో విడిగా ఉంటాయి, వాడుకరి డెస్క్‌టాప్ మీద బొమ్మ పెట్టడం వాటికి వీలుపడదు. అందుకే యాంటీవైరస్ వంటివి రెండు ముక్కలుగా ఉంటాయి. పని చేసే సర్వీసు ఒకటి, ట్రేలో కనిపించే చిన్న ప్రోగ్రాము మరొకటి. చిన్నదాన్ని మూసేసినంత మాత్రాన పెద్దది ఆగదు.

బొమ్మ గీయడం సులువనుకునేవాళ్ళు ఒకసారి కూర్చుని ప్రయత్నించాలి. మామూలు స్క్రీన్ మీద అది అడ్డం 16, నిలువు 16 పిక్సెళ్ళు. అంటే మొత్తం 256 చుక్కలు. స్కేలింగ్ 150 శాతం పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లో 24, 200 శాతంలో 32. 16 పిక్సెళ్ళ బొమ్మ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే విండోస్ దాన్ని సాగదీస్తుంది, అంచులు అలికినట్టవుతాయి. అందుకని ఒకే ఐకాన్ ఫైలులో అన్ని కొలతల బొమ్మలూ విడివిడిగా గీసి పెడతారు. చిన్న కొలత కోసం పెద్ద బొమ్మను కుదిస్తే సరిపోదు, గీతలు తగ్గించి కొత్తగా గీయాలి. తెలుగు అక్షరాన్ని బొమ్మగా పెట్టాలనుకునే వాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. 16 పిక్సెళ్ళలో తలకట్టు, కింద ఒత్తు, రెంటికీ చోటు చాలదు. గుడులు మూసుకుపోయి చుక్కలుగా మారతాయి. రంగు సంగతి ఇంకొకటి. చాలాకాలం టాస్క్‌బార్ ముదురు రంగులో ఉంటుందని నమ్మి తెల్లటి బొమ్మలు గీశారు. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు లేత రంగు టాస్క్‌బార్‌ను తెచ్చేసరికి తెలుపు మీద తెలుపు కలిసిపోయింది. ఇప్పుడు జాగ్రత్తగల ప్రోగ్రాములు థీమ్ ఏదో చూసుకుని, మారినప్పుడల్లా బొమ్మనూ మారుస్తాయి.

మౌస్ నిలిపితే కనిపించే వాక్యానికి హద్దు ఉంది. మొదట్లో 64 స్థానాలు, విండోస్ 2000 నుంచి 128. రెంటిలోనూ చివరిది ముగింపు గుర్తుకే పోతుంది. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లోనైతే 63 దాటగానే ప్రోగ్రాము ఎర్రర్ ఇస్తుంది. ఇంగ్లిష్‌లో 127 అంటే చాలా చోటు. తెలుగులో లెక్క వేరు, ఎందుకంటే యూనికోడ్‌లో హల్లు ఒక స్థానం, పొల్లు గుర్తు ఒకటి, గుణింతం ఒకటి. ‘స్క్రిప్ట్’ అని రాయండి. కంటికి రెండు గుంపులు. లోపల మాత్రం స, పొల్లు, క, పొల్లు, ర, గుడి, ప, పొల్లు, ట, పొల్లు. మొత్తం పది స్థానాలు. హద్దు సరిగ్గా ఈ మాట మధ్యలో పడితే ‘స్క్’ అని విరిగిన ముక్క మిగులుతుంది. తెలుగులో ఇంటర్‌ఫేస్ తయారు చేసేవాళ్ళు స్థానాలు లెక్కబెట్టి కత్తిరించకూడదు. అక్షరం పూర్తయిన చోట చూసి ఆపాలి, లేదా వాక్యాన్నే పొట్టిగా రాసుకోవాలి.

లినక్స్‌కు వస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. పాత ఎక్స్ విండో వ్యవస్థలో ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ ప్రచురించిన పద్ధతి ప్రకారం, ట్రేను నడిపే ప్రోగ్రాము ముందు ఒక ప్రత్యేకమైన పేరును తన సొంతం చేసుకుంటుంది. మిగతా ప్రోగ్రాములు ఆ పేరు ఎవరి దగ్గర ఉందో అడిగి తెలుసుకుని, తమ చిన్న విండోను లోపల పెట్టుకోమని అడుగుతాయి. ట్రే ఆ విండోను అలాగే తనలో పొదుగుకుంటుంది. ఇక్కడ బొమ్మను గీసేది ఆ ప్రోగ్రామే, విండోస్‌కు పూర్తిగా ఎదురు పద్ధతి. దాని ఫలితంగా ఒకరి బొమ్మ వెనుక బూడిదరంగు, ఇంకొకరి వెనుక నలుపు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ట్రే కూలి మళ్ళీ లేస్తే ఇక్కడా ఒక చాటింపు వేస్తుంది, విన్నవాళ్ళు మళ్ళీ వచ్చి చేరాలి. రెండు వేర్వేరు చోట్ల పనిచేసిన ఇంజనీర్లు ఒకే పరిష్కారానికి చేరుకోవడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

ఎక్స్ స్థానంలోకి వేలండ్ రావడంతో ఈ పద్ధతికి కాలం చెల్లింది. ఒక ప్రోగ్రాము విండోను ఇంకొకటి లాక్కుని పొదుగుకోవడాన్ని వేలండ్ భద్రత దృష్ట్యా ఒప్పుకోదు. అప్పటికే కేడీఈ డెస్క్‌టాప్ బృందం స్టేటస్ నోటిఫయర్ ఐటమ్ అనే వేరే దారి వేసి ఉంచింది. ఇందులో ప్రోగ్రాము బొమ్మ గీయదు, విండో ఇవ్వదు. డీబస్ అనే ఉమ్మడి తంతి మీద తన గురించిన సమాచారం ప్రకటిస్తుంది: నా ఐకాన్ పేరు ఇది, నా మెనూ ఇది, నా స్థితి ఇది. స్థితి మూడు రకాలు. ఊరికే ఉన్నాను, పనిలో ఉన్నాను, నన్ను చూడాలి. ఎలా గీయాలో, ఎక్కడ పెట్టాలో డెస్క్‌టాప్ ఇష్టం. ఉన్న పద్ధతులన్నిటిలో నాకు ఇదే పద్ధతైనదిగా తోస్తుంది. బొమ్మ కాకుండా దాని అర్థం చేతులు మారుతోంది కాబట్టి చూపించే చోట ఎన్ని మార్పులొచ్చినా ప్రోగ్రాము చెక్కుచెదరదు.

కానీ గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ బృందం అసలు ట్రేయే వద్దనుకుంది. 2011లో మూడో తరం గ్నోమ్‌తో దాన్ని పక్కకు నెట్టి, 2017లో వచ్చిన 3.26 కూర్పులో పూర్తిగా తీసేసింది. ఉబుంటు తన గ్నోమ్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ జోడించి బొమ్మలను నిలబెట్టుకుంది. ఫెడోరా మామూలుగా ఇచ్చే గ్నోమ్‌లో అవి కనబడవు. దీని వల్ల వచ్చే ప్రమాదం చూడండి. కిటికీ మూయగానే ట్రేలోకి వెళ్ళే ప్రోగ్రామును అక్కడ వాడితే, కిటికీ మూతపడుతుంది, బొమ్మ ఎక్కడా ఉండదు, ప్రోగ్రాము మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. క్యూటీ లైబ్రరీలో 2006 నాటి 4.2 కూర్పు నుంచి ఉన్న క్యూ సిస్టమ్ ట్రే ఐకాన్ ఇందుకే ఒక ప్రశ్న అడిగే వీలు ఇచ్చింది: ఈ డెస్క్‌టాప్‌లో ట్రే ఉందా? జవాబు లేదని వస్తే దాక్కోకూడదు. మామూలుగా మూసుకోవాలి. ఆఖరి కిటికీ మూసుకోగానే ప్రోగ్రాము ముగిసిపోయే అలవాటు కూడా క్యూటీలో ఉంది, ట్రే ఉన్నప్పుడే దాన్ని ఆపాలి.

మ్యాక్‌లో ఈ బొమ్మలు పైనున్న మెనూ బార్‌కు కుడి పక్కన ఉంటాయి. అక్కడి మంచి ఏర్పాటు టెంప్లేట్ బొమ్మ. నలుపు, పారదర్శకత మాత్రమే ఇస్తే చాలు, వెనుక ముదురు రంగుంటే తెల్లగా, లేత రంగుంటే నల్లగా వ్యవస్థే మార్చుకుంటుంది. 2021 మ్యాక్‌బుక్ ప్రోలో స్క్రీన్ పైభాగాన కెమెరా కోసం గాడి వచ్చాక, బొమ్మలు ఎక్కువైతే కొన్ని ఆ గాడి వెనక్కు వెళ్ళి కనబడకుండా పోతున్నాయి.

జావాస్క్రిప్ట్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే ఎలక్ట్రాన్‌లో ఇంకో రకం మాయం ఉంది. బొమ్మ వస్తుంది, కొన్ని నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత ఏ తప్పూ చూపకుండా పోతుంది. ట్రే వస్తువును ఒక ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లో దాచితే, ఫంక్షన్ ముగిశాక దాన్ని ఎవరూ పట్టుకుని ఉండరు. అక్కర్లేని జ్ఞాపకాలను ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ వచ్చినప్పుడు దాన్నీ ఊడ్చేస్తుంది. వేరియబుల్‌ను ఫంక్షన్ బయటికి తెస్తే సరి. ఎలక్ట్రాన్ వాళ్ళ తరచుగా వచ్చే ప్రశ్నల పేజీలోనే దీనికి చోటు దొరికింది.

ఇంతకీ మీ ప్రోగ్రాముకు ఆ బొమ్మ అవసరమా? కిటికీ లేకుండా నడుస్తూ, స్థితి మారుతూ ఉండే పనైతే అవసరమే. తెలుగు, ఇంగ్లిష్ మధ్య మారుతూ టైపు చేసేవాళ్ళు ఇప్పుడు ఏ భాషలో ఉన్నామో చూసేది ఆ మూలనే. కానీ పేరు చూపించుకోవడానికి మాత్రమే బొమ్మ పెట్టిన ప్రోగ్రాములు ఆ చోటును కిక్కిరిసిపోయేలా చేశాయి. 2001లో ఎక్స్‌పీ వాడని బొమ్మలను దాచడం మొదలుపెట్టింది. 2009లో విండోస్ 7 ఇంకా గట్టి నిర్ణయం తీసుకుంది. కొత్త బొమ్మ ఏదైనా ముందు మడత వెనుకే ఉంటుంది, దాన్ని బయటికి తేవడం వాడుకరి చేతిలో మాత్రమే ఉంటుంది. తానే బయటికి వచ్చే ఆజ్ఞను ఏ ప్రోగ్రాముకూ ఇవ్వలేదు. అది సరైన నిర్ణయమని నా నమ్మకం. అందుకు తగ్గట్టే, మూసివేత గుర్తు నొక్కినప్పుడు ట్రేలోకి వెళ్ళే ప్రోగ్రాము మొదటిసారి ఆ సంగతి చెప్పాలి, మెనూలో నిష్క్రమించు అన్న వరుస తప్పక ఉంచాలి, దాన్ని నొక్కితే నిజంగా నిష్క్రమించాలి.

మౌస్ లేకుండా కూడా ఈ మూలకు చేరవచ్చు. విండోస్ మీటతో పాటు బి నొక్కితే దృష్టి అక్కడికి వెళ్తుంది, బాణం మీటలతో ఒక్కో బొమ్మకూ జరగవచ్చు, ఎంటర్‌తో తెరవవచ్చు. చూపు లేనివాళ్ళు ట్రేను వాడేది ఇలాగే. అప్పుడు కొన్ని ప్రోగ్రాములు మెనూను మౌస్ ఎక్కడుంటే అక్కడ తెరుస్తాయి, అంటే స్క్రీన్ ఇంకో మూలన. విండోస్ 7 నుంచి బొమ్మ ఎక్కడుందో అడిగి తెలుసుకునే ఫంక్షన్ ఉంది, మెనూను అక్కడ తెరవాలి. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ ఒక్కో బొమ్మ దగ్గర ఆగినప్పుడు చదివేది మనం స్ట్రక్చర్‌లో చివర నింపిన ఆ చిన్న వాక్యాన్నే. అది ఖాళీగా ఉంటే వినేవాళ్ళకు అక్కడ ఏముందో తెలియదు. ‘బ్యాకప్’ అని ఊరుకుంటే పేరు తెలుస్తుంది, పరిస్థితి తెలియదు. ‘బ్యాకప్: నెట్ లేదు, 3 ఫైళ్ళు మిగిలాయి’ అని రాసి, ఫైళ్ళ సంఖ్య మారినప్పుడల్లా మార్చు అన్న ఆజ్ఞతో దాన్నీ మారిస్తే, బొమ్మ రంగు మారి చెప్పేదంతా వినేవాళ్ళకూ అందుతుంది.